నడి సముద్రంలో బకెట్టు నీళ్లు

ఓడలో మాకిచ్చిన గదికి లేత నీలం రంగు కర్టెన్ ఒకటి ఉంది. మా తోడికోడలు చెప్పులు కూడా విప్పకుండా నేరుగా దాని దగ్గరికి వెళ్లి, గుడిలో తెర తీసినంత భక్తిగా రెండు చేతులతో పక్కకి లాగింది. వెనకాల గోడ ఉంది. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం ఫొటో ఒకటి అంటించారు.

"ఓలమ్మో! గోడకి కర్టెనేటే సెల్లీ?" అంది.

ఫొటోలో నీళ్లు మరీ నీలంగా, మడత నలగని చీరలా ఉన్నాయి. అసలు సముద్రం ఆ గోడకి అవతల ఎటో ఉంది. దాన్ని చూపిస్తామని చెప్పే మమ్మల్ని ఎక్కించారు.

ఇది పోయిన ఊడుపుల కాలం నాటి మాట. ఇన్నాళ్లూ దీని గురించి నేను నోరెత్తకపోవడానికి కారణం ఉంది, అది వరసలో వస్తుంది.

నాకు ఓడలూ విహారాలూ అలవాటు లేవు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె మీద పడిందని నన్ను బడికి పంపలేదు. నాన్నే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, నా పక్కన కూర్చుని పలక మీద దిద్దించేవాడు. చదువంటే నాకు ఆ పలక, ఆ తర్వాత ఇంట్లో ఉన్న పారాయణ పుస్తకాలు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు జరిగిన మంచి మూడు తలుచుకుని దండం పెట్టుకోమని నేర్పింది కూడా ఆయనే. ఇప్పటికీ మానలేదు. కరెంటు పోయిన రోజున గాలి వీచిందని, గాలి కూడా లేని రోజున పక్కింటావిడ విసనకర్ర ఇచ్చిందని తలుచుకునే మనిషిని. అందుకే మా ఇంట్లో వాళ్లంతా నాకు కోపం రాదనుకుంటారు. నేను కూడా అలాగే అనుకునేదాన్ని.

ఆ ప్రయాణం సరదా కోసం కాదు. మా తోడికోడలి మొక్కు కోసం.

ఆవిడ మా బావగారి భార్య. మా వైపు అక్కని అప్ప అంటాం, నేనూ ఆవిణ్ని అప్ప అనే పిలుస్తాను. ఇరవై ఏళ్ల కిందట ఒక కార్తీక మాసంలో అనకాపల్లి నుంచి రెండు ఆటోల్లో అందరం పూడిమడక సముద్రస్నానానికి వెళ్లాం. అప్ప కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. నా చెయ్యి పట్టుకుని అలల్లో గెంతుతోంది. ఒక అల వచ్చి ఆ చెయ్యి విడిపించింది. నీళ్లలో గౌను రంగు ఒకసారి కనిపించి పోయింది. నేను అరిచాను. అప్ప అరవలేదు. మోకాలి లోతులో నిలబడి కొంగు చాపి, "తల్లీ, నా పిల్లని నాకిచ్చీ. నీ నడిమికొచ్చి పసుపూ కుంకం పెడతాను, సీర పెడతాను" అంది. తర్వాతి అల పిల్లని తెచ్చి ఇసుక మీద పడేసింది. అది దగ్గి, ఉమ్మి, ఏడుపు మొదలుపెట్టేదాకా మా ఇద్దరి ఒంట్లో ప్రాణం లేదు.

మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. వేటపడవ ఎక్కి వెళ్లొస్తానంటే బావగారు ఒప్పుకోలేదు. "పిల్లని లాగేసిన నీళ్లలోకి ఆ సెక్కముక్క మీద నిన్నంపుతానేటి? నోర్మూసుకో" అన్నారు. ఏళ్లు గడిచాయి. అమ్మాయికి పెళ్లయింది. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజున అప్ప వంటింట్లో కింద కూలబడి నాతో ఒకటే మాట అంది.

"గంగమ్మ అడుగుతందే సెల్లీ."

నేను అలా నమ్మను. దేవుడు పగపట్టడని, అందులోనూ కడుపులో ఉన్న పసిగుడ్డు మీద అసలే పట్టడని మా నాన్న నమ్మకం, నాదీ అదే. కానీ భయపడుతున్న తల్లికి ఆ మాట చెప్పి ఏం లాభం? పైగా ఆ రోజు పిల్ల జారిపోయింది నా చేతిలోంచి. మూడోసారి అమ్మాయికి ఐదో నెల దాటాక, పురుడు రాకముందే మొక్కు తీరాలని అప్ప పట్టుబట్టింది. అన్నం సరిగ్గా తినడం మానేసింది. చివరికి బావగారే ఒక మెట్టు దిగారు. "పడవ మాటెత్తకు. ఓడైతే ఎల్లు. ఓడ బోల్తా పడదు" అన్నారు. ఊడుపుల రోజులు, మగవాళ్లు మడి వదిలి కదలలేరు. తోడు నేను బయల్దేరాను.

అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల దుకాణం ఒకటి ఉంది. తిరుపతి బస్సుల నుంచి దుబాయ్ విమానాల దాకా టిక్కెట్లు అమ్ముతాడు. ఆ కుర్రాయన ముందు రంగురంగుల కాగితాలు పరిచాడు.

"విశాఖపట్నంలో ఎక్కుతారు మేడం, మూడో రోజు మళ్లీ విశాఖపట్నంలోనే దిగుతారు. మధ్యలో మొత్తం సముద్రమే."

"నడిమికి ఎల్తాదా బాబూ?" అని అప్ప అడిగింది.

"నడిమేనమ్మా. ఒడ్డే కనపడదు."

"నీళ్లు ముట్టుకోడానికుంటాదా?"

అతను నవ్వి ఒక కాగితం తిప్పి చూపించాడు. తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఆమె వేళ్లకి జానెడు కిందే నీళ్లున్నట్టు ఉంది. "సముద్రం మీ బాల్కనీలోకి వచ్చినట్టే ఉంటదమ్మా" అన్నాడు.

నాకు ఎందుకో అనుమానం తీరలేదు. విడమర్చి అడిగాను. "చూడు నాయనా, మేం అక్కడ పూజ చేసుకోవాలి. నీళ్లలో పసుపూ కుంకుమా వెయ్యాలి, చీర వదలాలి. దానికోసమే వెళ్తున్నాం. వీలవుతుందా?"

"మీ హాలిడే మేడం, మీ ఇష్టం" అన్నాడు.

ఈ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. టిక్కెట్టు మీద 'ఇన్‌సైడ్' అని ఉంటే అదేమిటని కూడా అడిగాను. "లోపలి గది మేడం, సేఫ్" అన్నాడు. భద్రమైనది కదా అని మేం సంతోషించాం.

తప్పు మాలోనూ ఉంది. ఓడంటే మా మనసులో ఉన్నది పెద్ద లాంచీ. గోదావరిలో లాంచీ ఎక్కినప్పుడు పక్కకి వంగి చెయ్యి చాపితే నీళ్లు తగిలాయి. ఇది కొంచెం ఎత్తుగా ఉంటుందేమోనని అప్ప ముందుచూపుతో ఇత్తడి చెంబుకి ఆవు పలుపుతాడు కట్టి సంచిలో పెట్టుకుంది. నూతిలోంచి తోడినట్టు తోడుకోవచ్చని. నాకూ అది మంచి ఆలోచనే అనిపించింది.

రేవులో పెద్ద షెడ్డు. ఉదయం పదింటికి వెళ్తే మధ్యాహ్నం మూడింటిదాకా నిలబెట్టారు. కూర్చోడానికి ఉన్న కుర్చీలన్నిటిమీదా సూట్‌కేసులు కూర్చున్నాయి. యంత్రంలోంచి మా సంచి వెళ్లగానే ఒకాయన దాన్ని పక్కకి తీశాడు. కొబ్బరికాయ వద్దన్నాడు. కర్పూరం, అగ్గిపెట్టె, అగరొత్తులు వద్దన్నాడు. నిప్పు సంగతి, పోనీ, అది మాకూ అర్థమవుతుంది. తర్వాత బెల్లం అచ్చు చేతిలోకి తీసుకుని వాసన చూసి, బయటి తిండి పదార్థమని పక్కనున్న డబ్బాలో పడేశాడు. మా చేలో పండిన చెరుకు, మా పెనంలో కాగిన బెల్లం. గంగమ్మకని అప్ప మడిగా విడిగా తీయించింది. అది కాఫీ కప్పుల మధ్యన, తుడిచి పారేసిన కాగితాల మధ్యన పడింది. అప్ప ఆ డబ్బాలోకి తొంగిచూస్తూ ఉండిపోతే వెనకాల వాళ్లు "నడవండమ్మా" అని తోశారు.

అక్కడి నుంచి నాలుగడుగులు వెయ్యగానే డప్పులు, మెడలో ప్లాస్టిక్ పూలదండ, ఓడ నడిపే చక్రం బొమ్మ ముందు నిలబెట్టి ఫొటో. "స్మైల్ ప్లీజ్" అన్నారు. ఆ ఫొటోలో అప్ప మొహం ఇంకా ఆ డబ్బాలోకే చూస్తున్నట్టు ఉంటుంది.

తల పైకెత్తి ఓడని చూసి అప్ప, "ఇది ఓడేటే? ఒకదాని మీదొకటి కాలనీలెట్టేసేరు" అంది. నిజమే. నీళ్లకీ మనుషులుండే చోటికీ మధ్యన అయిదారు ఇళ్ల ఎత్తు ఇనప గోడ. అయినా ఆ తెల్ల గౌను అమ్మాయి వేళ్ల కింద నీళ్లు గుర్తు తెచ్చుకుని ఎక్కాను.

ఆ తర్వాత సంగతి మొదట చెప్పాను, కర్టెన్, గోడ. సాయంత్రం దీపం వేళకి ఆ గదిలో దీపం పెట్టే వీల్లేదు. కళ్లు మూసుకుని మంచి మూడు తలుచుకోబోయాను. అప్ప తోడు ఉంది, ఒకటి. మంచినీళ్లు ఉన్నాయి, రెండు. మూడోది ఎంతకీ దొరకలేదు. పక్క గదిలోంచి పాటల మోత గోడని కొడుతుంటే దాని మీది ఫొటోలో సముద్రం అదురుతోంది.

మర్నాడు తెల్లారగానే స్నానాలు చేసి, అప్ప తడి జుట్టు ముడి వేసుకుని, కొత్త చీర పొట్లం చంకన పెట్టుకుని పైకి వెళ్లాం. అన్నిటికన్నా పై అంతస్తు. నాలుగు వైపులా సముద్రమే, అంత మటుకు అతను అబద్ధం చెప్పలేదు. కానీ ఎంత కింద ఉంది! మేడ మీంచి వాకిట్లో ముగ్గు చూసినట్టు చూడాలి. చుట్టూ ఛాతీ ఎత్తున అద్దం. మధ్యలో నీలం తొట్టి కట్టి, మందు నీళ్లు పోసి, అందులో జనం మునుగుతున్నారు. ఇంత సముద్రం చుట్టూ పెట్టుకుని తొట్టిలో! పక్కన పెద్ద స్పీకర్లో ఒకడు అంకెలు పిలుస్తున్నాడు, కుర్చీల్లో వాళ్లు కాగితాల మీద గళ్లు కొట్టుకుంటున్నారు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చున్నవాళ్లే ఎక్కువ. సూర్యుడు పైకొస్తుంటే వాడు గట్టిగా "లక్కీ సెవెన్!" అని అరిచాడు.

నేను దండం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి అప్ప పక్కన లేదు. అద్దానికీ అద్దానికీ మధ్య సందు ఒకటి వెతుక్కుని, చెంబు దాంట్లోంచి బయటికి వదిలి, రెండు చేతులతో పలుపుతాడు జార్చుతోంది. పెదవులు కదులుతున్నాయి. తాడు అయిపోయింది. చెంబు ఇంకా నీళ్లకి ఎంతో పైన, ఎవరిదో బాల్కనీ ముందు గాలికి ఊగుతూ టంగుమని అద్దానికి కొట్టుకుంది. లుంగీలో ఉన్న పెద్దమనిషి ఒకాయన చేతిలో టీ కప్పుతో బయటికి వచ్చి, మొహం ముందు వేలాడుతున్న చెంబుని చూసి, తల పైకెత్తాడు.

"కొంచెం కిందికి లాగండి బాబూ, అందుతాదేమో!" అని అప్ప ఆయన్ని బతిమాలింది.

ఇంతలో యూనిఫారంలో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. "మాజీ! మాజీ! పీఛే!" అని హిందీలో అరుస్తూ, వెనక్కి లాగి ఆవిడ భుజాలు రెండూ పట్టేసుకున్నారు. ముసలావిడ దూకేస్తోందనుకున్నారు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. తన జీవితంలో పరాయి మగవాడి చెయ్యి ఒంటి మీద పడని మనిషి, అరవయ్యేళ్లది, అక్కడ అందరి ముందూ వాళ్ల చేతుల్లో గువ్వలా వణికింది. చెంబు, తాడు పైకి లాగి వాళ్లు పట్టుకుపోయారు.

చెంబు కోసం మేం వాళ్ల వెనకాలే కింద కౌంటరు దగ్గరికి వెళ్లాం. కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె అక్కడ నవ్వుతూ నిలబడింది. వచ్చిన హిందీతో, వచ్చీరాని ఇంగ్లీషుతో సంగతంతా చెప్పాను. మొక్కు అన్నాను. బిడ్డ కడుపుతో ఉందన్నాను. చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ, ఒక చీర అన్నాను. ఆమె నవ్వు చెదరకుండా, "సారీ మేడం, ఎన్విరాన్‌మెంట్ పాలసీ. ఓడలోంచి ఏదీ వెయ్యకూడదు" అంది. ఇంకెక్కడైనా కిందికి దిగి నీళ్లు ముట్టుకోవచ్చా అంటే, "నో మేడం, ఇది సేఫ్టీ." మా మొహాలు చూసి జాలి పడి కాబోలు, సొరుగులోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. పాదాలు ఒత్తించుకునే చీటీ. మీకు ఉచితం అంది.

అప్పకి చీటీ సంగతి అర్థం కాలేదు. "ఇది సూపిత్తే నీళ్లిత్తారేటే?" అని ఆశగా నా మొహంలోకి చూసింది.

అప్పుడు నాకు వచ్చిన కోపం నాకే కొత్త. అరచేత్తో కౌంటరు మీద కొట్టాను. హిందీ పోయింది, ఇంగ్లీషు పోయింది, నాకు పుట్టుకతో వచ్చిన మాటే మిగిలింది.

"ఏటమ్మా నవ్వుతావు? మీ రూలు మంచిదే. సముద్రంలో చెత్తెయ్యకూడదు, ఒప్పుకున్నాం. ఆ మాట టిక్కెట్టు అమ్మిన రోజు చెప్పడానికి నోరు రాలేదేటి? అడిగేను కదా, ఒకటికి రెండుసార్లు అడిగేను కదా! నీళ్లు వేళ్ల కిందే ఉన్నట్టు ఫొటో వేస్తారు, గదిలో చూస్తే గోడ. గంగమ్మ బెల్లం చెత్తడబ్బాలో వేసేరు. పెద్దావిడని దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నిన్న మీ భోజనాల హాల్లో బల్లల మీద ఎంత అన్నం వదిలేసేరో నా కళ్లతో చూసేను, అది ఎక్కడికెళ్తుందో చెప్పు. మేం కాళ్లు ఒత్తించుకోడానికి ఇంత దూరం వచ్చేమా? సముద్రం చూపిస్తామని చెప్పి మమ్మల్ని ఎక్కించింది మీరు. సముద్రం ఏదీ?"

వెనకాల వరసలో వాళ్లు మెడలు చాచి చూశారు. కోటు అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు, నవ్వు మాత్రం ఆగింది. నాకు గుండె దడదడలాడింది. అప్ప నా మోచెయ్యి పట్టుకుని, "ఊరుకోయే, నీ గుండి సూసుకో" అంటోంది.

వరస పక్కన నీలం బట్టల్లో, చేతిలో తాడుచుట్టతో ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకి నల్లబడ్డ మొహం. దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"అనకాపల్లి."

"అదే అనుకున్నాను. మాట యింటేనే తెలిసిపోనాది."

ఓడ పైతట్టు పనివాళ్లందరికీ ఆయన సరంగు, మేస్త్రీ లాంటివాడు. మా తీరం వాడే, వేటకెళ్లే కుటుంబంలో పుట్టాడు. ఆయన ఊరు పేరు రాయను. ఓడ పేరూ రాయను, రాస్తే ఆయన ఉద్యోగం మీదికి వస్తుంది. మమ్మల్ని పక్కకి తీసుకెళ్లి చెంబు తెప్పించి ఇచ్చాడు.

"ఆ పిల్లనేటీ అనకండమ్మా, ఆ పిల్లకి రూలదే. సీర మట్టుకు సముద్రంలో ఎయ్యకూడదు. ఓడ కింద తిరిగే ఫంకాకి సుట్టుకుంటాది, తాబేలు మెడకి సుట్టుకుంటాది. మా ఆడోళ్లు కూడా ఎయ్యరు. అమ్మకి సూపించి, అంచు తడిపి ఇంటికి పట్టికెళ్తారు."

"పట్టికెళ్తే ఏటి సేత్తారు?" అని అప్ప అడిగింది.

"పురిటాలికి కడతారమ్మా."

అప్ప కళ్లు అప్పటికి కాస్త తేటపడ్డాయి. "మరి నీళ్లో?" అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఇయాల నాలుగింటికి మాకు డ్రిల్లు. మంటలార్పే పైపులు టెస్టు సేత్తాం. ఆ పైపు సముద్రం నీళ్లే లాగుతాది. ఎనకాల కింది తలుపు కాడికి రండి. ఎవులితోనూ అనకండి."

నాలుగింటికి మేం వెళ్లాం. ఇరుకైన ఇనప వరండా, నూనె వాసన, కాళ్ల కింద యంత్రాల గుర్రు. సరంగు పైపు చివర పట్టి ఒక బకెట్టు నింపాడు. తెల్ల రంగు మరకలు ఎండిపోయిన పాత బకెట్టు. దాన్ని అప్ప ముందు పెట్టాడు.

అప్ప కూర్చోలేదు. అనుమానంగా చూసింది. "పైపులోంచి వచ్చినాది గంగమ్మేనా బాబూ?"

"మీ ఇంట్లో మోటారేసి తోడితే నుయ్యి నీళ్లు కావేటమ్మా?"

"ఇది నడిమేనా?"

"ఇక్కడ తాడెయ్యి, అడుగు తగిల్తే నా పేరు మార్చుకుంటాను."

అప్పుడు అప్ప చెప్పులు విప్పి, ఆ నూనె మరకల నేల మీద కూర్చుంది. వేళ్లు నీళ్లలో పెట్టి కళ్లకద్దుకుంది. నాలిక మీద వేసుకుంది. "ఉప్పే" అని నాకు చెప్పింది, ఏదో రుజువు దొరికినట్టు. చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ వేసింది. చీర విప్పి చూపించి, అంచు ముంచి తీసింది. ఇరవై ఏళ్లు మోసిన మాట ఆవిడ నోటి నుంచి ఎంతో చిన్నగా వచ్చింది. "ఆలిసమైపోనాది తల్లీ. నా పిల్లని సూడు." సరంగు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బకెట్టెత్తి, అంచున ఉన్న కంతలోంచి నీళ్లు సముద్రంలోకి వంచేశాడు. పసుపు నీళ్లు ఇనప గోడ మీంచి జారడం ఒక్క క్షణం కనిపించింది.

ఆ సాయంత్రం నేను తలుచుకున్న మంచి మూడూ ఆ సరంగే. ఆయన చల్లగా ఉండాలి. కానీ ఆయన మీద కృతజ్ఞత ఎంత పొంగుకొచ్చిందో, మిగతా వాళ్ల మీద ఒళ్లు అంత మండింది. సముద్రమంతా మాకు అమ్మి, అందులోంచి ఒక బకెట్టు నీళ్లు దొంగచాటుగా దక్కితే అదే మహాభాగ్యమనుకునే స్థితికి తెచ్చారు. ఇంటికి వెళ్లగానే ఆ అద్దాల దుకాణానికి వెళ్లి ఏమేం అనాలో గదిలో గట్టిగానే అనుకుంటున్నాను. అప్ప నా నోరు మూసింది.

"మొక్కు తీరినాక ఒకల్ని ఆడిపోసుకోకూడదే. అది పిల్ల మీదికొత్తాది. పురుడై పదకొండో రోజెల్లీదాకా నువ్వొక్క సెడ్డమాటనడానికి లేదు. నా మీదొట్టు."

"ఆ ఏజెంటుని కూడానా అప్పా?"

"ఆణ్ణి మరీను."

ఒట్టు వేశాను. అది ఎంత కష్టమో అప్పుడు తెలియలేదు.

మూడో రోజు దిగేటప్పుడు మళ్లీ మూడు గంటలు మెట్ల మీద నిలబెట్టారు. నోరెత్తలేదు. ఫోనుకి ఓడవాళ్ల కాగితం వచ్చింది, మీ అనుభవం ఎలా ఉందో చుక్కలు పెట్టమని. పెట్టలేదు. ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. వీధంతా వచ్చింది. పాలబ్బాయి దగ్గర నుంచి గుడి దగ్గర కనిపించిన వాళ్ల దాకా ఒకటే ప్రశ్న, "ఓడ ఎలా ఉందండీ?" చెడ్డమాట అనకూడదు కదా, "బాగుంది" అన్నాను. "సముద్రం?" అంటే "పెద్దది" అన్నాను. "భోజనం?" అంటే "పెట్టారు" అన్నాను. వాళ్లు నా మొహంలో ఏం చూశారో, అందరికీ అది ఆనందంలాగే కనిపించింది. చక్రం ముందు తీసిన మా ఫొటో ఓడవాళ్లు పంపితే బావగారు పటం కట్టించి హాల్లో పెట్టారు.

కార్తీకంలో అమ్మాయికి నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. ఆసుపత్రి వరండాలో అప్ప నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను, డాక్టరమ్మకీ పెట్టాను. గంగమ్మ లెక్క తీరిందని అప్ప నమ్మకం. నా నమ్మకం నాది. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు ఒకటే.

పదకొండో రోజు ఆ అంచు తడిపిన చీర పిల్లతల్లికి కట్టారు. భోజనాలయ్యాయి. విస్తళ్లు ఎత్తేస్తుంటే మా పక్కింటి మాస్టారి భార్య తాంబూలం చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మాస్టారు రిటైరయి ఏడాది. ఆయన మోకాళ్లు బాగాలేవు.

"మేమూ టిక్కెట్లు తీయించేశామండీ, వచ్చే నెలకి. మీరు వెళ్లిన ఓడే" అంది సంబరంగా.

నా చేతిలో తమలపాకులు అలాగే ఉండిపోయాయి. "ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"అదేమిటండీ! మీరే కదా, బాగుందన్నారు!"

అప్పుడు నాకు తెలిసింది, ఆ కాగితాల్లో తెల్ల గౌను అమ్మాయి ఒక్కతే మనుషుల్ని ఓడెక్కించదు. నాలాంటి వాళ్లు అన్న "బాగుంది" కూడా ఎక్కిస్తుంది. ఒట్టు కొద్దీ ఒకరు, సిగ్గు కొద్దీ ఒకరు, పెట్టిన డబ్బు వృథా అయిందని ఒప్పుకోలేక ఒకరు. నా కోపం ఒక్కసారిగా నా మీదికే తిరిగింది. ఒట్టు గడువు పూర్తిగా దాటిందో లేదో కూడా చూసుకోకుండా ఆవిణ్ని అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కర్టెన్ వెనక గోడ, గంటల తరబడి నిలబాటు, బెల్లం, పట్టుకున్న చేతులు, కాళ్లు ఒత్తించుకునే చీటీ. సరంగు సంగతి ఒక్కటి దాచుకున్నాను. మాస్టారి మోకాళ్లకి ఆ మెట్లు, ఆ వరసలు పనికిరావని బతిమాలి చెప్పాను.

ఆవిడ అంతా విని, "మీకు అలాంటి గది తగిలిందండీ పాపం. మాకు బాల్కనీ ఇస్తానన్నాడు, నీళ్లు చేతికి అందుతాయట" అంది.

"ఎవరన్నారు?"

"ఆ అద్దాల దుకాణం కుర్రాడేనండీ. మీ ఫొటో కూడా చూపించాడు, చక్రం ముందు మీరిద్దరూ నిలబడ్డది. ఓడవాళ్లే పంపారట, వాళ్ల గోడకి పెట్టుకున్నాడుగా!"

లోపల అప్ప మనవరాలిని ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. గుమ్మంలోంచే అడిగాను. "అప్పా, పదకొండో రోజు ఎల్లిపోయినట్టేనా?"

ఆవిడ నా మొహం చూసి విషయం పట్టేసింది. "ఎల్లిపోనాదే" అంది. "ఎళ్లు. కానీ గుండి సూసుకో."

తాంబూలం గూట్లో పెట్టి, చెప్పులు వేసుకుని, మెయిన్ రోడ్డు వైపు బయల్దేరాను. రెండు అంగలు వేశాక వెనకాల చప్పుడైతే తిరిగి చూశాను. మాస్టారి భార్య కూడా టిక్కెట్ల కవరు చేతిలో పట్టుకుని వస్తోంది.